మాస్టర్ టేపు ఎవరిదో తేలింది, కాపాడే పూచీ ఎవరిది?

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక ఆదివారం సంచికలో పాత తెలుగు పాటల పునర్విడుదల మీద వచ్చిన వ్యాసం చదివాను. ‘రీమాస్టర్డ్’, అంటే పాత రికార్డింగును శుభ్రం చేసి సరిదిద్దినది, అన్న ముద్రతో వస్తున్న ఆల్బములను వ్యాసకర్త మనసారా మెచ్చుకున్నారు. ఆ మెప్పులో కొంత న్యాయం ఉంది. అయితే ఆ ముద్ర వెనుక ఏ మూలప్రతి ఉంది, అది ఏ స్థితిలో ఉంది, దాని మీద అధికారం ఉన్నవారు దాన్ని ఎలా చూసుకుంటున్నారు అన్న ప్రశ్నల జోలికి ఆయన పోలేదు. గుంటూరు బ్రాడీపేటలో ఉంటూ, ఉద్యోగం మానుకున్న దగ్గర నుంచి పాత గ్రామఫోను ప్లేట్లనూ స్పూల్ టేపులనూ కంప్యూటరులోకి ఎక్కించే పనిని వ్యాపకంగా పెట్టుకున్నవాణ్ని కనుక, ఈ విషయంలో నాకు తోచింది రాస్తున్నాను. మన చట్టం మాస్టర్ రికార్డింగు (నకళ్లన్నిటికీ మూలమైన ప్రతి) మీద యజమానికి అరవై ఏళ్ల హక్కు ఇస్తోంది గాని, ఆ అరవై ఏళ్లూ దాన్ని చెడిపోకుండా ఉంచమనీ, వినదలచినవారికి అందేలా చూడమనీ మాత్రం అడగడం లేదు.

మాస్టర్ అనగానే అందరికీ ఒక టేపు చుట్ట కళ్ల ముందు మెదులుతుంది. నిజానికి అది ఒక్కో కాలంలో ఒక్కో వస్తువు. టేపు రాకముందు గాయకుడు పాడుతుండగానే మైనపు పలక మీద గాడి పడేది. ఆ పలక నుంచి లోహపు అచ్చు తీసి, అచ్చుతో లక్క ప్లేట్లు ఒత్తేవారు. మైనపు పలక ఆ పనితోనే సరి. లోహపు అచ్చు కూడా పోతే, ఎవరి ఇంట్లోనో ఎక్కువగా మోగకుండా మిగిలిన మంచి ప్లేటే ఇక మాస్టర్. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వచ్చిన టేపు ఈ పరిస్థితిని మార్చింది. పావు అంగుళం వెడల్పున, సెకనుకు పదిహేను అంగుళాల వేగంతో నడిచే ఆ టేపే స్టూడియోలో మూలప్రతి అయింది. సినిమా పాట దారి మళ్లీ వేరు. దాని శబ్దం ఫిల్ము అంచున ఆప్టికల్ ట్రాకుగానో, 35 మిల్లీమీటర్ల మాగ్నటిక్ ఫిల్ము మీదనో ఉండేది. గ్రామఫోను కంపెనీకి అందేది దాని నకలు. తొలి దశాబ్దాల్లో రికార్డు కోసమే పాటను విడిగా మళ్లీ పాడించిన సందర్భాలూ ఉన్నాయి. కాబట్టి ‘ఒరిజినల్ నుంచి రీమాస్టర్ చేశాం’ అన్న మాటకు, ఏ ఒరిజినల్ అని అడిగితే తప్ప అర్థం తేలదు.

ఆమధ్య తెనాలి వైపు నుంచి ఒక రంగస్థల నటుడి మనవడు తాతగారి పద్యాల ప్లేటు ఒకటి నా దగ్గరికి తెచ్చారు. అదే పద్యం ఒక సంస్థ పేరున ఫోనులోనూ దొరుకుతోంది, ‘రీమాస్టర్డ్’ అన్న ముద్రతోనే. రెంటినీ పక్కపక్కన పెట్టి ఇద్దరం విన్నాం. ప్లేటు మీద ముందు హార్మోనియం శ్రుతి వినిపిస్తుంది, దానితోపాటు తిత్తిలో గాలి కదిలే చప్పుడూ వినిపిస్తుంది. నటుడు ఊపిరి తీసుకుని పద్యం ఎత్తుకుంటారు. నాలుగో పాదం చివర రాగం అందుకున్నప్పుడు హార్మోనిస్టు ఒక్క క్షణం వెనుకగా ఆయన్ను అనుసరిస్తూ, మలుపు ఎటు తిరుగుతుందో కనిపెట్టి పట్టుకుంటారు. అది నాటకం చూసిన వాళ్లకు తెలిసిన సొగసు. దీని మీద గరగర ఉంది, నిజమే, మధ్యలో రెండు చోట్ల టక్కుమని చప్పుడూ ఉంది.

ఫోనులో వచ్చినదానిలో గరగర పూర్తిగా పోయింది, కాని ఊపిరి కూడా దానితోనే పోయింది. తిత్తి గాలి లేదు. స, శ, ష మూడూ ఒకే మొద్దు శబ్దంగా మారాయి. పద్యనాటకంలో ఉచ్చారణే ప్రాణమని ఎరిగినవారు ఇలా చేయరు. ఒకే మైకుతో పట్టిన మోనో రికార్డును రెండు స్పీకర్లలోకి చీల్చి, ఖాళీ గోడౌనులో నిలబడి పాడినట్టు ప్రతిధ్వని కలిపారు. రాగం ముగిసేలోపే ధ్వనిని నెమ్మదిగా తగ్గించేశారు. మరీ ముఖ్యం, శ్రుతి అర మెట్టుకు దగ్గరగా పైకి పోయింది. ‘మా తాత గొంతు ఇది కాదండీ, ఇంకెవరో చిన్నవాడు పాడుతున్నట్టుంది’ అన్నారా మనవడు. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. 78 అని పేరున్నంత మాత్రాన పాత ప్లేట్లన్నీ నిమిషానికి కచ్చితంగా 78 చుట్ల వేగంతో రికార్డయినవి కావు, కొన్ని అంతకన్నా తక్కువ వేగంలో, కొన్ని ఎక్కువ వేగంలో చెక్కినవి. ఎక్కించేవారు ఆ నటుడు ఏ శ్రుతిలో పాడేవారో తెలుసుకుని వేగం సరిచూసుకోవాలి. ఏ మూలం నుంచి తయారు చేశారని ఆ కుటుంబం సంస్థకు ఉత్తరం రాస్తే జవాబు లేదు. ప్లేటు నుంచి కాసెట్టుకు, కాసెట్టు నుంచి సీడీకి, సీడీ నుంచి ఇప్పటి ఫైలుకు దిగిందేమోనని నా అనుమానం.

రీమాస్టరింగ్ అంటే మురికి కడగడం అన్న అభిప్రాయం బలంగా ఉంది గనుక, ఆ పనిలో అసలు భాగం ఏమిటో కొంచెం చెప్పవలసి వస్తోంది. మొదటి పని ఉన్నవాటిలో మంచి మూలం వెతకడం. రెండోది దాన్ని సరిగా మోగించడం. ఎల్పీ, అంటే 78ల తర్వాత వచ్చిన ఎక్కువసేపు మోగే రికార్డు, ముల్లు మొన అంగుళంలో వెయ్యో వంతు ప్రమాణంలో ఉంటే, 78 ప్లేటు గాడికి దానికి మూడింతల వెడల్పు మొన కావాలి. ఎల్పీ ముల్లుతో 78 మోగిస్తే ముల్లు గాడి అడుగున దొర్లుతూ, ఉన్న గరగరను రెట్టింపు చేస్తుంది. టేపు విషయంలో మెషినులో టేపును చదివే హెడ్డు కోణం ఆ టేపుకు తగ్గట్టు సరిచేయకపోతే పై స్థాయి సన్నని శబ్దాలన్నీ మసకబారతాయి, తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ వాటిని వెనక్కి తేలేదు. చాలాకాలం కదపకుండా చుట్టి ఉంచిన టేపులో ఒక పొర మీది శబ్దం పక్క పొర మీదికి సన్నగా అచ్చుపడి, పాట ఎత్తుకోకముందే దాని నీడ వినిపిస్తుంది.

1970, 80 దశకాల్లో తయారైన కొన్ని రకాల టేపులది ఇంకో జబ్బు. అయస్కాంత పొడిని ప్లాస్టిక్కుకు పట్టి ఉంచే జిగురు గాలిలో తేమను పీల్చుకుని, మెషిను మీద బంకలా అంటుకుంటుంది. అలాంటి టేపును సుమారు యాభై నుంచి యాభై అయిదు డిగ్రీల వేడిలో గంటల తరబడి ఉంచితే, కొద్ది రోజులపాటు నడపడానికి వీలవుతుంది. ఆ వ్యవధిలోనే నకలు తీసుకోవాలి. రోహిణి కార్తెలో బెజవాడ డాబా మీద పెడితే చాలదా అని ఒక మిత్రుడు చమత్కరించాడు. చాలదు. దానికి హెచ్చుతగ్గులు లేని పొడి వేడి కావాలి, మనకున్నది ఎండాకాలం మంటా, వానాకాలం కృష్ణా తీరపు తేమా, మధ్యలో కరెంటు కోతలూను. ఇక్కడ ఇంట్లో బీరువాలో పెట్టిన మాస్టర్ టేపు ఏటా కొంత నష్టపోతూనే ఉంటుంది.

ఇవన్నీ అయ్యాక, ఏ మార్పూ చేయని నకలును 24 బిట్ల, 96 కిలోహెర్ట్జుల నాణ్యతలో భద్రపరిచి, సవరణలు దాని కాపీ మీద చేయాలి. చాలా పునర్విడుదలల్లో ఇందుకు బదులు జరిగేది గొంతునూ తబలానూ వీణనూ ఒకే ఎత్తుకు లాగి, పాటంతా ఒకే మోతగా మార్చడం. బస్సులో ఇయర్‌ఫోనుతో వినేవారికి అది బాగానే ఉంటుంది. గాయకుడు అనుపల్లవిలో గొంతు తగ్గించి మళ్లీ పల్లవిలో పెంచిన ఆ కష్టమంతా మాత్రం వృథా అయినట్టే.

ఇక యాజమాన్యం సంగతి. దీని మీద జనంలో ఉన్న గందరగోళం 2017లో బాగా బయటపడింది. వేదికల మీద తన పాటలు పాడడం గురించి ఇళయరాజా గారు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారికి నోటీసు పంపినప్పుడు ఇటు కొందరు, అటు కొందరు చీలిపోయి, పాట ‘ఎవరిది’ అని వాదించుకున్నారు. అది స్వరరచన మీద హక్కు గొడవ. మాస్టర్ రికార్డింగు మీద హక్కు పూర్తిగా వేరు. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం రికార్డింగుకు పూనుకుని బాధ్యత వహించిన నిర్మాతే దాని కర్త, అంటే సాధారణంగా గ్రామఫోను కంపెనీ గాని, సినిమా నిర్మాత గాని. పాడినవారు, వాయించినవారు, బాణీ కట్టినవారు ఎవరూ ఆ లెక్కలోకి రారు. సినిమా కోసం సొమ్ము ఇచ్చి చేయించుకున్న సంగీతానికి, వేరే ఒప్పందం లేకుంటే, నిర్మాతే తొలి హక్కుదారు అని 1977లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పులోనే జస్టిస్ కృష్ణయ్యరు గాయకుల కళకు చట్టంలో చోటు లేకపోవడాన్ని ఎత్తిచూపారు. ఆ చోటు 1994 సవరణతో కొంత దొరికింది, 2012 సవరణ రచయితలకూ స్వరకర్తలకూ రాయల్టీని వదులుకోవడానికి వీల్లేని హక్కుగా చేసింది. ఇవి మంచి మార్పులు. కాని మనం ‘క్లాసిక్’ అని పిలుచుకునే రికార్డులన్నీ దాదాపు వీటికి ముందువే.

అందులో ఒక మెలిక మన ప్రాంతపు పాత ఒప్పందాలకు నేరుగా తగులుతుంది. హక్కులు రాసిచ్చిన పత్రంలో గడువు చెప్పకపోతే అయిదేళ్లనే భావించాలన్న నియమం చట్టంలో ఉంది. అది 1994 సవరణ అమలుకు ముందు రాసిచ్చిన వాటికి వర్తించదు. ఆ సవరణ అమలులోకి వచ్చింది 1995లో. అంతకుముందు ఒక కాగితం మీద సంతకం చేసి, ఒక్కసారి డబ్బు పుచ్చుకుని ఇంటికి వెళ్లిన కళాకారుడికి ఈ నియమం ఆసరా కాదు. ఆ కాగితాలు చేతులు మారాయి, కంపెనీలు ఒకదాన్నొకటి కొన్నాయి, కొన్ని మూతపడ్డాయి. హక్కు పత్రం ఒక ఊళ్లో, టేపు ఇంకో ఊళ్లో ఉండిపోయిన సందర్భాలు ఈ పనిలో ఉన్నవారందరికీ ఎరుకే.

గడువు లెక్క కూడా అంత తేలిక కాదు. మా గుంటూరు కవి కరుణశ్రీ గారి పద్యాలను ఘంటసాల గారు పాడిన రికార్డులనే తీసుకుందాం. రికార్డింగు హక్కు విడుదలైన ఏడాది ముగిసిన నాటి నుంచి అరవై ఏళ్లు, కాబట్టి 1964లో విడుదలైన ఏ రికార్డు హక్కయినా 2024 డిసెంబరు 31తో తీరిపోయింది, అంతకుముందువి అంతకుముందే తీరాయి. బాణీ హక్కు స్వరకర్త మరణించిన ఏడాది మీద ఆధారపడుతుంది. బాణీ ఘంటసాల గారిదైన చోట, ఆయన 1974లో పోయారు గనుక అది 2034 చివరిదాకా ఉంటుంది. పద్యం హక్కు, కరుణశ్రీ గారు 1992లో కాలం చేశారు గనుక, 2052 దాకా. ఒకే మూడు నిమిషాల ప్లేటు మీద మూడు గడువులు. పాత రికార్డులన్నీ ‘ఫ్రీ’ అనుకుని ఇంటర్నెట్టులో పెట్టేస్తున్న ఉత్సాహవంతులు దీన్ని గమనించాలి. గడువు తీరిన రికార్డింగు మీద కూడా తమకే హక్కుందని ఫిర్యాదు చేసి దాన్ని తీయించే కంపెనీలూ గమనించాలి.

రీమాస్టర్ చేస్తే కొత్తగా మరో అరవై ఏళ్ల హక్కు పుడుతుందా? మన చట్టంలో ఈ మాట విడిగా ఎక్కడా రాసి లేదు. అమెరికాలో పాత పాటలను ప్రసారం చేసిన ఒక రేడియో సంస్థ, రీమాస్టర్ అయినవి కొత్త రికార్డింగులేనని వాదిస్తే 2016లో కింది కోర్టు ఒప్పుకుంది. 2018లో అప్పీలు కోర్టు ఆ తీర్పును తోసిపుచ్చింది. గరగర తీయడం, హెచ్చుతగ్గులు సరిచేయడం వంటి పనులు నైపుణ్యమే గాని కొత్త సృష్టి కాదని దాని సారాంశం. నాకూ అదే సబబనిపిస్తుంది. లేకపోతే ప్రతి అరవయ్యో ఏట ఒకసారి దుమ్ము దులిపినవాడు శాశ్వత యజమాని అవుతాడు.

యాజమాన్యం పెద్ద కంపెనీ చేతిలో ఉంటే మూలప్రతి క్షేమంగా ఉన్నట్టే అని నమ్మేవారికి 2008 జూన్ 1న హాలీవుడ్డులోని యూనివర్సల్ స్టూడియో ఆవరణలో జరిగిన అగ్నిప్రమాదం గుర్తు చేస్తాను. అక్కడి గిడ్డంగిలో పెద్ద సంఖ్యలో మాస్టర్ టేపులు కాలిపోయాయన్న సంగతి న్యూయార్క్ టైమ్స్ కథనంతో లోకానికి తెలిసేసరికి 2019 వచ్చింది. టేపులు పోయిన సంగతి తమకు ఎవరూ చెప్పలేదని పలువురు కళాకారులు వాపోయారు. టేలర్ స్విఫ్ట్ అనే గాయని తన పాత కంపెనీ తన మాస్టర్లతో సహా ఇతరుల చేతికి పోతే, ఆ ఆల్బముల్లో నాలుగింటిని 2021 నుంచి మళ్లీ పాడి విడుదల చేసింది, 2025లో పాత మాస్టర్లనే కొనేసింది. సొమ్మూ వయసూ ఉన్న కళాకారిణి కనుక సాధ్యమైంది. మన ఘంటసాల గారు, బాలమురళీకృష్ణ గారు, బాలు గారు మళ్లీ పాడలేరు గదా!

సినిమా రంగంలోనూ ఇదే కథ. 1957 నాటి ‘మాయాబజార్’కు రంగులద్ది, శబ్దాన్ని కొత్త పద్ధతిలోకి మార్చి 2010లో విడుదల చేస్తే జనం ఆదరించారు. ఆ పని చేసిన హైదరాబాదు సంస్థ మరికొన్ని చిత్రాల నెగటివు హక్కులు కూడా తీసుకుంది. కాని యాజమాన్యం, కాపీరైటు చిక్కుల వల్ల ఆ పని సాగలేదని దాని బాధ్యులే చెప్పారు. సాంకేతికత ఉంది, కొనేవారున్నారు, ఎవరు సంతకం పెట్టాలో తెలియక ఆగిపోయింది.

కంపెనీల పక్షాన చెప్పవలసినదీ ఉంది. టేపును వేడిచేయడం, మెషినులను బాగుచేయించడం, చల్లని గిడ్డంగి నడపడం అన్నీ ఖర్చే. ఏడాదికి వందమంది కూడా వినని పద్యాల రికార్డు మీద ఎవరూ లాభం చూడరు. అవి కొన్నయినా ఈనాడు మిగిలి ఉన్నాయంటే ఆ కంపెనీల్లోని పేరు తెలియని ఉద్యోగుల పుణ్యమే. కాబట్టి హక్కును లాక్కోమని నేను కోరడం లేదు. వాడని హక్కు నిలవకూడదని కోరుతున్నాను. ఐరోపా సమాఖ్య 2011లో రికార్డింగు హక్కును యాభై నుంచి డెబ్బై ఏళ్లకు పెంచినప్పుడు ఒక షరతు పెట్టింది. యాభై ఏళ్లు దాటాక కంపెనీ ఆ రికార్డును తగినన్ని ప్రతులతో అమ్మకానికీ, ఇంటర్నెట్టులోనూ ఉంచకపోతే కళాకారుడు నోటీసు ఇవ్వవచ్చు. ఏడాదిలోగా కంపెనీ కదలకపోతే ఒప్పందం రద్దయి, కంపెనీ హక్కు పోతుంది. మన చట్టంలోనూ ప్రజలకు దక్కకుండా తొక్కిపెట్టిన రచనలకు నిర్బంధ లైసెన్సు ఇచ్చే సెక్షను ఒకటుంది. దానికి ముందు యజమాని నిరాకరించాడని చూపాలి, పైగా కోర్టు మెట్లెక్కాలి. ఉత్తరానికి జవాబే ఇవ్వని యజమాని నిరాకరించినట్టా, కాదా? తెనాలి మనవడు ఆ ప్రశ్న తేల్చుకోవడానికి వకీలును పెట్టుకోలేడు. నలభై ఏళ్లు దాటి అందుబాటులో లేని రికార్డింగుకు కళాకారుడో వారసులో నోటీసు ఇస్తే చాలునన్న నియమం మనకు అవసరం.

పుస్తకం అచ్చయితే 1954 నాటి చట్టం ప్రకారం కలకత్తా జాతీయ గ్రంథాలయానికీ, మద్రాసు కన్నెమరా గ్రంథాలయానికీ ప్రతులు పంపాలి. రికార్డుకు అలాంటి నియమం లేదు. అందుకే వేటపాలెం సారస్వత నికేతనంలో వందేళ్ల నాటి పత్రికలు ఈ రోజు వెళ్లి చూడగలం గాని, యాభై ఏళ్ల నాటి నాటక పద్యం వినడానికి వెళ్లదగిన చోటు కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఒక్కటీ నాకు కనబడదు. వాణిజ్యేతర ప్రజా గ్రంథాలయం తన దగ్గరున్న ప్రతిని భద్రత కోసం ఎలక్ట్రానిక్ రూపంలో దాచుకోవచ్చని 2012 సవరణ చెబుతోంది. విజయవాడ రామమోహన గ్రంథాలయం వంటి సంస్థలు ప్లేట్లు, టేపులు విరాళంగా తీసుకుని ఆ పని మొదలుపెడితే చట్టం అడ్డురాదు. ఒక మంచి టర్న్‌టేబులు, సరైన ముళ్లు, బాగుచేసిన స్పూల్ మెషిను ఒకటి చాలు. విశ్వవిద్యాలయాలు ముందుకు వస్తే మరీ మంచిది.

ఆకాశవాణి విజయవాడ కేంద్రం సంగతి విడిగా చెప్పాలి. 1948 డిసెంబరు 1న మొదలైన ఆ కేంద్రంలో బాలాంత్రపు రజనీకాంతరావు, బాలమురళీకృష్ణ, ఓలేటి వెంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నం వంటివారు పనిచేశారు. ఆ భక్తిరంజనితో తెల్లవారిన ఇళ్లు లక్షల్లో ఉంటాయి. టేపు ఖరీదైన రోజుల్లో ప్రసారమైనదాన్ని చెరిపి, దాని మీదే ఇంకోటి రికార్డు చేసుకోవడం ప్రపంచంలోని చాలా రేడియో కేంద్రాల్లో జరిగిందే, దానికి ఎవరినీ తప్పుపట్టను. మిగిలినదానికి యజమాని ప్రభుత్వ సంస్థ, పెట్టుబడి మన లైసెన్సు రుసుములూ పన్నులూ. కనుక అక్కడ ఏయే టేపులు మిగిలాయో, వేటికి నకళ్లు తీశారో తెలిపే జాబితా ఒకటి అచ్చువేసి బయటపెట్టాలి. పాటలు తర్వాత, ముందు జాబితా ఇవ్వమని అడుగుతున్నాను.

కంపెనీలను వెంటనే అడగదగినది ఇంకా చిన్నది. ‘రీమాస్టర్డ్’ అన్న మాట పక్కన మూలం ఏమిటో రాయాలి: మాస్టర్ టేపా, ఫిల్ము ట్రాకా, 78 ప్లేటా, పాత సీడీయా, ఏ సంవత్సరంలో ఎక్కించారు, ప్రతిధ్వని గాని స్టీరియో గాని కొత్తగా కలిపారా. మందు సీసా మీద ఏం కలిసిందో రాస్తున్నప్పుడు దీనికి ఒక్క వాక్యం రాయడం భారం కాదు. మీ పత్రికలో సంగీత సమీక్షలు రాసేవారు కూడా ఆ వాక్యం లేని పునర్విడుదలను మెచ్చుకునే ముందు అడిగి తెలుసుకుంటే కంపెనీలకు ఆ అలవాటు త్వరగా వస్తుంది.

చివరగా పాఠకులకు ఒక విన్నపం. మీ ఇళ్లలో అటక మీద 78 ప్లేట్లుంటే వాటిని ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టకుండా నిలువుగా పెట్టండి, బూజు పట్టినా సరే స్పిరిటుతో మాత్రం తుడవకండి. లక్క స్పిరిటులో కరుగుతుంది. తుడిచిన చోట గాడి ఇక ఉండదు.

ఇట్లు,
పాత రికార్డుల అభిమాని,
బ్రాడీపేట, గుంటూరు.